పెట్టెలో పెట్టిన చెత్తకుప్ప

పోయిన ఎండాకాలం మా అపార్టుమెంటు సెల్లారులోకి ఒక ఇనప పెట్టెని ట్రాలీ ఆటోలో తెచ్చి దించారు. బీరువా అంత ఉంది. ముందువైపు తలుపు, పైన ఒక గొట్టం, పక్కల ఆరు సన్న గొట్టాలు, వాటికి బిగించిన అయస్కాంతాలు. తెచ్చిన కుర్రాడు బాగా మాట్లాడతాడు. "కరెంటు వద్దు, గ్యాసు వద్దు, డీజిలు వద్దు అంకుల్. నాలుగు బొగ్గులు రాజేసి లోపల పెడితే చాలు. ఆ తర్వాత అన్నం వెయ్యండి, అరటి తొక్కలు వెయ్యండి, పిల్లల డైపర్లు వెయ్యండి, మీ ఇష్టం. మంటే కనపడదు. మర్నాటికి గుప్పెడు బూడిద" అన్నాడు. అయస్కాంతం వల్ల గాలిలో ఆక్సిజన్ 'యాక్టివేట్' అవుతుందట. వేసిన చెత్త మూడొందలో వంతుకి దిగిపోతుందట.

మా ప్రెసిడెంటుగారు నా వైపు చూశారు. నేను ఇరవై ఆరేళ్లుగా రైసు మిల్లుల బాయిలర్ల దగ్గర పనిచేస్తున్నాను కాబట్టి నిప్పు సంగతి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. నేను గొట్టం వైపు చూశాను. అందులోంచి తెల్లగా, తడిసిన దూది లాంటి పొగ మెల్లగా కిందికి జారుతోంది.

"పొగ ఉంది కదా బాబూ" అన్నాను.

"అది పొగ కాదంకుల్, ఆవిరి."

ఆవిరైతే గొట్టం దాటిన నాలుగడుగుల్లో గాలిలో కలిసి మాయమవ్వాలి. ఇది కార్ల మీదుగా పాకి, మెట్లెక్కి, మొదటి అంతస్తులో తలుపులు వేయించింది. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా ఊళ్లో సాయంత్రం పూట గొడ్ల చావిట్లో దోమలకి పెట్టే పొగ వాసన. దాని మీద కాస్త కాలిన ప్లాస్టిక్కు కంపు.

ఆ పెట్టె ఉత్త మోసం అని నేననను. అందులో నిజంగానే నిప్పుంది, ఆ నిప్పు నిజంగానే చెత్తని తింటుంది. అయితే అది ఏ జాతి నిప్పో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. తెలియకుండానే పంచాయతీలు, కాలేజీలు, కల్యాణ మండపాలు ఇలాంటి పెట్టెలు కొంటున్నాయి. నా గొడవంతా అక్కడే.

మంట లేకుండా లోలోపల రగిలే ఆ జాతి నిప్పు మనకి కొత్తదేం కాదు. కోనసీమలో మా ఇంటి పెరట్లో ఒక మూల దాలి గుంట ఉండేది. మా మామ్మ పొద్దున్నే పిడకలు పేర్చి, కొనలు రాజేసి, మీద నాలుగు దోసిళ్ల ఊక కప్పి, పాలకుండ ఎక్కించేది. మంట అన్నది ఎప్పుడూ చూడలేదు నేను. గుంట పక్కన చెయ్యి పెడితే తప్ప నిప్పున్నట్టే తెలియదు. మధ్యాహ్నానికి పాలు లేత ఎరుపు తిరిగి, పైన అరచెయ్యంత మందాన మీగడ కట్టేది. పాలు పొంగేవి కాదు, అడుగంటేవి కాదు. ఆ పాలు తోడేసిన పెరుగులో సన్నగా పొగ వాసన వచ్చేది. హోటళ్లలో ఇప్పుడు ఆ వాసన కోసం విడిగా డబ్బు తీసుకుంటున్నారని మా అబ్బాయి చెప్పాడు, అది వేరే కథ.

కుమ్ములో చిలగడదుంపలు పెట్టేవాళ్లం. చలికాలం కుంపటి ఉండేది. చావిట్లో కొబ్బరి డొక్కలు రాజేసి పచ్చి వేపాకు పడేసేవాళ్లు. మిల్లు వెనకాల బూడిద గుట్టలుండేవి, పైకి చల్లగా, బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టు. మా ఎదురింటివాళ్ల గేదె ఒకసారి ఆ గుట్ట మీదుగా నడిచి ముందు కాళ్లు రెండూ కాల్చుకుంది. అప్పటినుంచీ 'నివురుగప్పిన నిప్పు' అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ గేదే కళ్లముందు మెదులుతుంది. కుమారిల భట్టు గురువుకి చేసిన ద్రోహానికి ప్రాయశ్చిత్తంగా తుషాగ్నిలో ప్రవేశించాడని శంకర విజయాల్లో చెప్తారు. తుషం అంటే ఊక. మిగతా ఏ నిప్పునీ వదిలి ఊకనిప్పునే ఎందుకు ఎంచుకున్నాడో మిల్లులో పనిచేసినవాడికి చెప్పక్కర్లేదు. అది నింపాదిగా కాలుస్తుంది.

ఆ నింపాదిలోనే దాని మంచీ ఉంది, చెడ్డా ఉంది.

కట్టె భగ్గున మండుతున్నప్పుడు నిజానికి మండేది కట్టె కాదు. వేడికి కట్టెలోంచి బయటికొచ్చిన వాయువులు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మండుతాయి. ఆ మంటలో వేడి వెయ్యి డిగ్రీలు సులువుగా దాటుతుంది, అందుకే వాయువులు చాలావరకు అక్కడే కాలిపోతాయి. దాలిలో అలా కాదు. ఆక్సిజన్ తిన్నగా వెళ్లి గట్టిపడిన బొగ్గు ఒంటికే అంటుకుంటుంది. వేడి సుమారు 450 నుంచి 700 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ ఎర్రటి అంచు చాలా మెల్లగా పాకుతుంది, ఊక గుట్టలోనో పీట్ నేలలోనో (చిత్తడిలో సగం కుళ్లిన ఆకులూ వేళ్లూ పేరుకున్న నేల) అయితే గంటకి సెంటీమీటరో, కొంచెం ఎక్కువో. దాని ముందున్న పదార్థం ఆ వేడికి ఉడికి వాయువులు వదులుతుంది. వాటిని కాల్చేటంత వేడీ అక్కడ ఉండదు, ఆక్సిజనూ మిగలదు. అవి పైకొచ్చి, చల్లబడి, తారు తుంపరలుగా మారతాయి. మనం తెల్ల పొగ అనేది దాన్నే.

తెల్ల పొగంటే కాలని ఇంధనం. నమ్మకం లేకపోతే ఒక కొవ్వొత్తి వెలిగించి ఊదెయ్యండి. వత్తి నుంచి లేచే పొగ తీగకి అంగుళం ఎత్తున అగ్గిపుల్ల చూపిస్తే మంట ఆ పొగ వెంబడే కిందికి దూకి వత్తిని మళ్లీ అంటిస్తుంది. మా నాన్న మండపేటలో ఉప్పుడు బియ్యం మిల్లులో ఫైర్‌మన్‌గా, అంటే బాయిలర్ నిప్పు చూసుకునే పని చేసేవాడు. చిమ్నీ నుంచి తెల్లగా వస్తుంటే ఓనరు చూసేలోపు పరిగెత్తుకెళ్లి గాలి సరిచేసేవాడు. "ఊక కొన్నది ఆయన, పైకి పంపేస్తున్నది మనం" అనేవాడు. ఆయనకి రసాయన శాస్త్రం రాదు కానీ పొగ రంగు చూసి ఫర్నేసులో ఏ మూల ఊక కుప్పపడిందో చెప్పగలిగేవాడు.

ఆ పొగలో ఏముంటుందో రోజూ ఇంట్లో పీలుస్తూనే ఉన్నాం. దోమల కాయిల్ మంట లేకుండా రగిలే నిప్పే. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపులేసుకుని కుంపటి పెట్టుకు పడుకున్నవాళ్లు తెల్లారి లేవకపోవడం అప్పుడప్పుడూ పేపర్లో చూస్తాం. అది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు.

ఇదే నిప్పు పెద్ద ఎత్తున రాజుకుంటే ఎలా ఉంటుందో కొచ్చివాళ్లు 2023లో చూశారు. మార్చి 2న బ్రహ్మపురం డంపింగ్ యార్డు అంటుకుంది. పైన మంటలు ఆరిపోయినా గుట్టల లోపల నిప్పు ఆరలేదు. పొక్లెయినర్లతో గుట్టని తవ్వి, తిరగేసి, ఆ గుంటల్లోకి నీళ్లు కొట్టాల్సి వచ్చింది. దాదాపు పన్నెండు రోజులు ఊరంతా పొగ. 1997లో ఇండోనేసియాలో ఎండిన పీట్ నేలలు రాజుకున్నప్పుడు గాలిలో కలిసిన కార్బన్, ఆ రోజుల్లో ప్రపంచమంతా బొగ్గూ పెట్రోలూ కాల్చి ఏడాదికి వదిలేదాంట్లో 13 నుంచి 40 శాతం దాకా ఉంటుందని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. పైన అడవి మండినా, ఎక్కువ భాగం కాలింది నేల లోపలే, మెల్లగా, నెలల తరబడి.

మరి ఇంత మురికి నిప్పుని చెత్తకి వాడాలని చదువుకున్నవాళ్లకి ఎందుకు అనిపించింది? నాకూ మొదట్లో అదే అర్థం కాలేదు. కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది.

మన వంటింటి చెత్త కిలో తీసుకుంటే అందులో ముప్పావు వంతు నీళ్లే. మిగిలిన పావుకిలో ఎండు పదార్థానికి కిలోకి నాలుగు వేల కిలో కేలరీల చొప్పున వేసుకున్నా వచ్చేది వెయ్యి. ముప్పావు కిలో నీళ్లని వేడెక్కించి ఆవిరి చెయ్యడానికి సుమారు 460 పోతాయి. అంటే కాగితం మీద ఇంకా 540 మిగులు. అయినా మీరు ఆ చెత్తని అంటించలేరు. మంటకి దుబారా ఎక్కువ. అది వేడిలో ఎక్కువ భాగాన్ని పైకి, పక్కలకి విసిరేస్తుంది. చెత్తలోంచి ముందు వచ్చేది ఆవిరి, అది మంటని చల్లార్చేస్తుంది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో రోజుకి 300 టన్నుల చెత్త కాల్చే ప్లాంటు కట్టారు, డెన్మార్క్ పరిజ్ఞానంతో. ఇరవై ఒక్క రోజులు ట్రయల్ నడిపి ఆపేశారు. మన చెత్తలో వాళ్లనుకున్నంత వేడి లేదు. కిలోకి 1500 కిలో కేలరీలు, ఆపైన ఉన్న చెత్తని పూడ్చకుండా ఇంధనంగా వాడాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. మన అన్నం, పప్పు, కూర తొక్కలు ఆ గీతకి చాలా కిందే ఉంటాయి.

దాలిలో ఆ దుబారా లేదు. వేడి అక్కడే, ఆ గుంటలోనే తిరుగుతుంది. మా మామ్మ ఊక కప్పింది అందుకే.

2000 తర్వాతి సంవత్సరాల్లో స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జోస్ టొరెరో, జేసన్ గెర్హార్డ్ వంటివాళ్లు ఈ నిప్పుని కావాలని రాజేసే పనిలో పడ్డారు. వాళ్లకి చెత్తతో పని లేదు. పాత గ్యాసు ఫ్యాక్టరీల కింద నేలలో ఇంకిపోయిన కోల్‌తారు గొడవ వాళ్లది. ఆ మట్టిని తవ్వి మోసుకెళ్లే బదులు, నేలలోనే రాజేసి, కింద నుంచి గాలి పంపిస్తే తారు తనకి తానే కాలిపోతుందని చూపించారు. ఒకసారి రాజుకున్నాక, రాజెయ్యడానికి పెట్టిన హీటర్ ఆపెయ్యొచ్చు. గాలి ఆపితే నిప్పు ఆగుతుంది. నాకు నచ్చింది ఆ చివరి మాట. బ్రహ్మపురంలో జరిగిందానికీ దీనికీ తేడా అక్కడుంది, గాలి తాళం మన చేతిలో ఉండటం.

గేట్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన కొత్త మరుగుదొడ్డి పోటీలో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే పద్ధతిని మలానికి వాడారు. 2012లో మూడో బహుమతి వచ్చింది. మలం చూడ్డానికి ముద్దలా ఉంటుంది, అందులోకి గాలి దూరదు. అందుకని ఇసుకతో కలిపారు. ఇసుక రెండు పనులు చేస్తుంది. ముద్దని గుల్ల చేసి గాలికి దారిస్తుంది, వేడిని పట్టి ఉంచుతుంది. అడుగున రాజేసి, అడుగు నుంచే గాలి పంపుతారు. ఆ గాలి అప్పటికే కాలిపోయిన వేడి ఇసుకలోంచి వచ్చేసరికి కాగిపోయి ఉంటుంది. నిప్పు అంచు పైకి పాకుతుంటే, దాని నుంచి లేచిన వేడి వాయువులు పైనున్న తడిని ముందే ఆరబెడతాయి. నూటికి డెబ్బై పాళ్లు నీళ్లున్నా నిప్పు ఆరకుండా ముందుకు పోతుందని ఇలాంటి ప్రయోగాల్లో తేలింది. పైన వేరే ఇంధనం ఏమీ పోయకుండా. ఆ ఉష్ణోగ్రతకి ఏ క్రిమీ బతకదు, ఏ పురుగు గుడ్డూ మిగలదు. ఇసుకని మళ్లీ వాడుకోవచ్చు. గోదావరి ఒడ్డున ఉండి కూడా ఇసుక లారీ ధర చూసి గుండె పట్టుకునేవాళ్లం కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను.

తర్వాత కెనడాలోనే, లండన్ అనే మరో ఊళ్లో (ఆ దేశంలోనూ ఒక లండన్ ఉంది) గెర్హార్డ్ బృందం మురుగు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే బురద మీద ఈ పని కొనసాగించింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలోనూ చేశారు.

ఇక్కడిదాకా చదివి మా ప్రెసిడెంటుగారు సంబరపడ్డారు. "చూశారా, మన పెట్టెలో కూడా అదేగా" అన్నారు.

అదే అయితే బాగుండేది. ఆ ప్రయోగాల్లో ప్రతిచోటా నిప్పు ఒక సగం, పైకొచ్చే వాయువు రెండో సగం. అంత పొందిగ్గా ఇసుకలో కాల్చినా పైన కార్బన్ మోనాక్సైడూ, కాలని వాయువులూ కొంత వస్తాయి. వాటిని వేరే అరలో మంటతోనో, కారు పొగగొట్టం దారిలో ఉండేలాంటి కాటలిస్టు (వాయువులు తక్కువ వేడికే కాలేలా చేసే పదార్థం) మీదుగానో పంపి కాల్చేస్తేనే ఆ పద్ధతిని శుభ్రమైనది అనొచ్చు. ఈ రెండో సగానికే ఖర్చు. పెట్టె అమ్మే కుర్రాడు వదిలేసింది సరిగ్గా దాన్నే. తొలి సగం మన మామ్మలకి వెయ్యేళ్ల నుంచి వచ్చు, దానికి లక్షలు పొయ్యక్కర్లేదు.

చెత్త కాల్చే పెద్ద ప్లాంట్లలో వాయువుని కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉంచాలని యూరప్ నిబంధన. మన దేశంలో ఆసుపత్రి వ్యర్థాల నియమాల్లో రెండో అర వేడి 1050 డిగ్రీలకి యాభై అటూ ఇటూగా ఉండాలి, వాయువు అక్కడ రెండు సెకన్లు నిలవాలి. రెండు సెకన్లేగా అనిపిస్తుంది. బాయిలర్ దగ్గర పనిచేసినవాణ్ణి అడగండి, వేడి వాయువుని రెండు సెకన్లు ఒక చోట ఆపడానికి ఎంత పెద్ద గది కట్టాలో చెప్తాడు. బీరువా అంత పెట్టెలో, ఫ్యాను లేకుండా, పైన సన్న గొట్టంతో అది జరిగే పని కాదు.

ఈ ఉష్ణోగ్రతల పట్టింపు ఊరికే పెట్టింది కాదు. క్లోరిన్ ఉన్న పదార్థం అరకొరగా కాలి, ఆ పొగ సుమారు 250 నుంచి 450 డిగ్రీల మధ్య మసినీ లోహపు రేణువులనీ అంటిపెట్టుకుని తిరిగితే డయాక్సిన్లు పుడతాయి. చాలా కొద్ది మోతాదులోనే చెడు చేసే విషాలు అవి, ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. క్లోరిన్ ఎక్కడిది అంటారా? పీవీసీ ముక్కల్లో ఉంది, కొన్ని కవర్లలో ఉంది, మన ఉప్పులోనూ ఉంది. ఆవకాయ జాడీ అడుగు దులిపి పారేసే ఇళ్లు మనవి. మసి, ఉప్పు, ఏ తీగముక్క నుంచో కాస్త రాగి, మూడొందల డిగ్రీల పెట్టె. డయాక్సిన్లు తయారవ్వడానికి కావలసిన దినుసులన్నీ వరసగా సర్దిపెట్టినట్టే. అందులో డైపర్లు కూడా వెయ్యమన్నాడు ఆ కుర్రాడు.

అయస్కాంతాల సంగతి కూడా చెప్పెయ్యాలి. ఆక్సిజన్‌ని అయస్కాంతం లాగుతుందన్నది నిజమే. ద్రవ ఆక్సిజన్ పోస్తే పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడుతుంది, డిగ్రీలో మా లెక్చరర్ చెప్పి ఆశ్చర్యపరిచాడు. కానీ మామూలు గాలిలో అణువులు వేడికి చిందులేస్తుంటాయి. గొట్టానికి బిగించిన అయస్కాంతం బలం ఆ చిందుల ముందు ఎంత? తిరునాళ్ల గుంపులో ఒకడి భుజం పట్టుకుని లాగినట్టు. అయస్కాంతాలు పీకేసి అదే పెట్టెని నడిపి చూపించమన్నాను. వారంటీ పోతుందన్నాడు.

మూడొందలో వంతు అన్నది బరువా, ఘనపరిమాణమా అని అడిగాను. నవ్వాడు. కిలో చెత్తలో పావుకిలో ఎండు పదార్థం, అందులో పదో వంతు బూడిద అనుకున్నా పాతిక గ్రాములు. అంటే నలభయ్యో వంతు. మూడొందలో వంతంటే మూడు గ్రాముల చిల్లర. మిగతా ఇరవై రెండు గ్రాములు ఎక్కడికి పోయినట్టు? గొట్టంలోంచి మన బాల్కనీల్లోకి పోయి ఉండాలి.

నా వాదన ఇప్పుడు తేలిగ్గానే చెప్పొచ్చు. వంటింటి తడి చెత్తకి నిప్పు అక్కర్లేదు. అది కుళ్లడానికే పుట్టింది. కంపోస్టు చెయ్యండి, లేదా బయోగ్యాసు. అన్నం మెతుకులని ఆరబెట్టి, రాజేసి, ఆ పొగని మళ్లీ కాల్చడం అనేది ఇంజనీరింగ్‌లో సాధ్యమే గానీ, ఇంట్లో పెరుగు ఉండగా కొని తెచ్చుకోవడం లాంటిది. ఈ నిప్పుకి న్యాయంగా దక్కాల్సిన పని వేరే ఉంది. అది సెప్టిక్ ట్యాంకుల్లోది.

మన చిన్న పట్టణాల్లో చాలావాటికి భూగర్భ మురుగు లైన్లు లేవు. ట్యాంకు నిండితే ఫోను చేస్తాం, లారీ వస్తుంది, పైపు వేస్తుంది, పోతుంది. ఎక్కడికి పోతుందో అడగం. రాత్రిపూట కాలవగట్టు మీద ఆగిన లారీలని చూసినవాళ్లకి అడగాల్సిన పనీ లేదు. దాన్ని కంపోస్టు చెయ్యాలన్నా క్రిములు, పురుగు గుడ్లు చావాలి. అక్కడ వేడి ఎలాగూ కావాలి. వరంగల్‌లో రోజుకి 15 వేల లీటర్లు తీసుకునే కేంద్రం 2017లో పెట్టారు, మా గోదావరి అవతల నరసాపురంలోనూ అలాంటిది కట్టారు. వాటిలో బురదని పిండి, ఆరబెట్టి, గాలి చాలకుండా వేడిచేసి బొగ్గుగా మారుస్తారు. వచ్చిన వాయువుని అక్కడే కాల్చి ఆ వేడినే మళ్లీ వాడతారు. దాలికి అది పెదనాన్న కొడుకు వరస. ఇసుకలో రాజేసే పద్ధతి దానికంటే ఒక మెట్టు తేలిక, ఎందుకంటే అంతగా ఆరబెట్టక్కర్లేదు. వానాకాలంలో మూడు నెలలు ఏదీ ఆరని మన తీరంలో అది చిన్న విషయం కాదు. కాకినాడకో, భీమవరానికో ఒకటి పెట్టి చూడాలని, పొగ గొట్టం మీద కొలిచే మీటరు పెట్టి ఆ అంకెలు గేటు దగ్గర బోర్డు మీద రాయాలని నా కోరిక. ఆ బురదలో లోహాలుంటే తక్కువ వేడి వల్ల అవి ఎక్కువగా గాలిలోకి పోకుండా బూడిదలోనే ఉండిపోతాయి. మంచిదే. కానీ అప్పుడు ఆ బూడిదని పరీక్ష చెయ్యకుండా పొలంలో చల్లకూడదు. ఈ సంగతి కూడా బోర్డు మీద ఉండాలి.

ఊక విషయంలోనూ నింపాది నిప్పుకి ఒక గొప్పుంది, మా నాన్నకి తెలియనిది. ఊకలో అయిదో వంతు దాకా బూడిద వస్తుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. దాదాపు 700 డిగ్రీల లోపల కాలిస్తే ఆ సిలికా గాజులా, రూపం లేకుండా ఉంటుంది, సిమెంటులో కలుపుకోవచ్చు. అంతకంటే బాగా వేడెక్కితే స్ఫటికంగా మారుతుంది, అప్పుడు ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. బాయిలర్లో పొగ కాలాలంటే వేడి ఎక్కువ కావాలి, బూడిద బాగుండాలంటే తక్కువ కావాలి. నా ఉద్యోగమంతా ఈ రెండింటి మధ్య గడిచింది. మిల్లుల చుట్టుపక్కల ఊళ్లలో బట్టలు ఆరేసుకునే ఆడవాళ్లని అడిగితే, ఆ బేరంలో ఎక్కువసార్లు ఓడిందెవరో చెప్తారు.

ఇక ఆకులు. ఇక్కడ నా నోరు కొంచెం తగ్గించుకోవాలి.

మా వీధి ఊడ్చే ఆమె రోజూ పొద్దున ఆరింటికి బాదం చెట్టు కింద ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీస్తుంది. ఆకులు మంచుకి తడిసి ఉంటాయి. మండవు, రగులుతాయి. తొమ్మిదింటిదాకా వీధంతా అదే పొగ. బహిరంగంగా చెత్త కాలిస్తే అయిదు వేలు, పెద్ద మొత్తంలో అయితే పాతిక వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఒకరోజు ఆ సంగతి ఆమెకి చెప్పాను. "బండోడు ఆకులు ఎక్కించుకోడండీ. ఇక్కడుంచితే మేస్త్రి తిడతాడు. కాలిస్తే మీరు తిడతారు. ఏటి సెయ్యమంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయిదు వేలు ఆమె జీతంలో ఎంతో నాకు తెలుసు.

అందుకని ఒక పాత రెండొందల లీటర్ల డ్రమ్ము కొన్నాను, పన్నెండు వందలు. అడుగున చిల్లులు వేయించి, పై అంచుకి కిందగా చుట్టూ ఇంకో వరస చిల్లులు పెట్టించి, మీద మూరెడు పొగగొట్టం వెల్డింగ్ చేయించాను. దీని కిటుకు ఏమిటంటే పైన అంటించాలి. నిప్పు పైనుంచి కిందికి దిగుతుంది, కింద ఉడికిన వాయువులు పైకొచ్చేటప్పుడు ఆ నిప్పులోంచే రావాలి, రాగానే పై చిల్లుల గాలి తగిలి భగ్గుమంటాయి. అంటే తొలి సగం, రెండో సగం రెండూ ఒకే డ్రమ్ములో. పొయ్యిల మీద పనిచేసేవాళ్లు ఈ పద్ధతిని 1980ల నుంచీ వాడుతున్నారు, నేను కనిపెట్టిందేమీ లేదు.

మొదటి ఆదివారం సెల్లారు బయట ఖాళీ జాగాలో వెలిగించాను. పది నిమిషాలు బ్రహ్మాండంగా వెలిగింది. ప్రెసిడెంటుగారు ఫోటో తీశారు. తర్వాత మంట ఆరిపోయి, లోపల నిప్పు మాత్రం రగులుతూ, ఆ ఇనప పెట్టెని తలదన్నే పొగ మొదలెట్టింది. ఆకులు పైకి ఎండినట్టున్నా మధ్యలో తడి. పైగా ఒట్టి ఆకులు డ్రమ్ములో అట్టలా అణిగిపోయి గాలి ఆడలేదు. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఒక పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆ కుర్రాడి పెట్టే నయం కదయ్యా" అంది.

ఆ మాట నిజమే కాబట్టి ఏమీ అనలేదు. నీళ్లు పోసి ఆర్పాను, దానికి నాలుగు బకెట్లు పట్టింది.

ఇప్పుడు ఆకులని రెండు వారాలు రేకుల కింద ఎండబెడుతున్నాం. వాటిలో సగానికి సగం కొబ్బరి డొక్కల ముక్కలు, ఎండుపుల్లలు కలిపి నింపుతాను, గుల్లగా ఉండటానికి. పసుపు మంట తగ్గి సన్నగా నీలం తిరిగితే వాయువులు అయిపోయినట్టు, ఇక మిగిలింది బొగ్గు. అప్పుడు మూత వేసి, చుట్టూ తడి మట్టి పూస్తే బొగ్గు దక్కుతుంది. అయిదుసార్లు వెలిగిస్తే మూడుసార్లు పొగ రాలేదు. వచ్చిన రెండుసార్లూ వాన పడిన వారంలోనే. ఎండిందో లేదో తేల్చుకోవడానికి వంటింటి తూకం తెచ్చుకున్నాను, గుప్పెడు ఆకులు తూచి, పెనం మీద వేయించి మళ్లీ తూస్తాను. మా ఆవిడకి ఆ పెనం ఇంకో కొత్తది కొనిచ్చాను.

ఊడ్చే ఆమె ఆకుల గోనెలు తెచ్చి రేకుల కింద పెట్టి పోతోంది. ఇనప పెట్టె కుర్రాడిని పొగ పరీక్ష రిపోర్టు తెమ్మన్నాం. వచ్చే వారం తెస్తానని పోయిన మేలో అన్నాడు.